నరముల వ్యాధి గలవారికి పడిశము పట్టినప్పుడు
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ శిబిరమున మీరు రెండు దినములుగా మంచినీటి పథకములను గురించియు, మురుగు కాలువలను గురించియు, ఇంటి పన్నుల వసూలును గురించియు వినుచున్నారు. అవి ఊరందరికి సంబంధించినవి. మేము చెప్పబోవునది ఊరిలో ఒక్క ఇంటికి మాత్రమే సంబంధించినది. కొన్ని ఊళ్లలో ఆ ఒక్క ఇల్లును ఉండకపోవచ్చును. అయినను ఉన్నచోట, ఆ ఇంటివారు కష్టము వచ్చినప్పుడు మొదట తట్టునది మీ తలుపే గనుక, మీతోనే చెప్పుట సబబని తలచితిమి.

మేము ఎరిగిన ఒక ఇల్లాలి సంగతితో ప్రారంభింతుము. వయస్సు ముప్పది దాటినది. ఇద్దరు బిడ్డల తల్లి. పత్తి చేనిలో అందరితో సమముగా పని చేయు మనిషి. ఒక వానకాలమున ఊరంతటను పడిశము, దగ్గు వ్యాపించినవి. ఆమె ఇంటను బిడ్డలకు వచ్చి, పిదప ఆమెకును వచ్చినది. ఇతరులకు నాలుగు దినములలో తగ్గినది. ఆమెకు జ్వరము తగ్గిన పది దినములకు ఎడమకాలు ఈడ్చుట మొదలైనది, కన్ను మసకలు కమ్మినది. కొన్ని వారములకు కొంత కోలుకొని, కఱ్ఱ పట్టుకొని బోరింగు వద్దకు పోయి బిందెతో నీరు తెచ్చుకొనెను. అంతకు పూర్వమే ఆమె భర్త వైకల్య పింఛనునకు దరఖాస్తు పెట్టియుండెను. ఆ వార్డు సభ్యుడు ఆమె బిందె మోయుట కన్నులార చూచి, ఇది నటన యని సభలో చెప్పెను. ఆయన దుర్మార్గుడు కాడు. చూచినది చెప్పెను. కాని ఆయన చూచినది ఆ వ్యాధిలోని ఒక మంచి దినమును మాత్రమే.

ఆ వ్యాధి పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. పొడి అక్షరములలో ఎం.ఎస్. అందురు. ప్యారిసు నగరములోని సాల్పెట్రియేర్ వైద్యశాలలో శార్కో అను వైద్యుడు 1868వ సంవత్సరమున దీనిని ప్రత్యేకమైన వ్యాధిగా గుర్తించి వివరించెను. మెదడునందు, వెన్నుపామునందు, కంటి నరమునందు మైలిన్ అను కొవ్వు పొర నరములను చుట్టుకొని యుండును. మీ పంపుసెట్టుకు పోవు విద్యుత్తు తీగమీద రబ్బరు తొడుగు ఎట్టిదో ఇదియు అట్టిదే. బయటినుండి వచ్చు క్రిములతో పోరాడవలసిన శరీర రక్షణ వ్యవస్థ, ఈ వ్యాధిలో పొరబడి తన తొడుగునే కొఱికివేయును. ఎక్కడ తొడుగు చెడినదో దానిని బట్టి లక్షణము మారును. కంటి నరమైనచో మసక, వెన్నుపామైనచో కాళ్ల తిమ్మిరి, బిగుసుకొనుట, మూత్రము ఆపుకొనలేకపోవుట; తూలు నడక, మాట ముద్దగుట కూడ కలవు. వీటన్నిటికి తోడు బయటికి కనబడని అలసట ఒకటి కలదు. పొద్దున మనిషి, మధ్యాహ్నమునకు మనిషి కాదు. చాలమందిలో వ్యాధి దాడి చేయును, తగ్గును, మరల దాడి చేయును. ప్రతి దాడియు కొంత చెఱుపును వెనుక వదలిపోవచ్చును.

ఇది అంటువ్యాధి కాదు. గాలి సోకుట కాదు, చేతబడి కాదు. సాధారణముగా ఇరువదికిని నలువదికిని నడుమ వయస్సున బయటపడును. పురుషుల కంటె స్త్రీలలో రెండింతలకు తక్కువ గాక కనబడుచున్నది. 2020లో వేసిన ప్రపంచ లెక్కలో ఇట్టివారు 28 లక్షలమంది. మన దేశమున ఇది మిక్కిలి అరుదని పూర్వము తలచెడివారు. ఎం.ఆర్.ఐ. యంత్రములు వచ్చిన పిమ్మట ఆ తలంపు మారినది. మంగళూరు ప్రాంతమున తీసిన లెక్కలో లక్షమందికి సుమారు ఎనిమిదిమంది తేలిరి. ఆ లెక్కను మనకు అన్వయించినచో యాబది వేల జనాభా గల మండలమున నలుగురు ఉండవచ్చును. ఆ నలుగురిలో ఎందఱికి తమ జబ్బు పేరు తెలిసియుండునో మీరే ఊహించుకొనుడు. ఊళ్లలో దీనిని పక్షవాతమనియో, నరముల బలహీనత యనియో సరిపెట్టుకొనుట మేము చూచుచునే యున్నాము.

ఇక పడిశము మాట. మనకు పడిశము మందు వేసికొన్నను వేసికొనకున్నను వారములో పోవునది. ఈ వ్యాధి గలవారిని అది ఒకటి కంటె ఎక్కువ తోవలలో పట్టుకొనును. ఆ తోవలను వేఱువేఱుగా ఎఱిగినచో భయపడవలసిన చోటును, భయపడనక్కరలేని చోటును తెలియును.

మొదటిది జ్వరపు వేడి. తొడుగు చెడిన నరము వేడికి ఓర్వదు. శరీరపు వేడి అర డిగ్రీ పెరిగినను అందులో సంకేతము మందగించును, ఒక్కొక్కప్పుడు ఆగిపోవును. శ్రమచేత చూపు మసకబారుటను 1890లో ఊట్‌హాఫ్ అను జర్మను నేత్రవైద్యుడు గమనించి వ్రాసెను. ఎం.ఆర్.ఐ. లేని రోజులలో వైద్యులు అనుమానమున్న రోగిని వేడినీటి తొట్టిలో కూర్చుండబెట్టి, లక్షణములు బయటపడునా యని పరీక్షించెడివారట. అంతటి పరీక్ష మన రెంటచింతల ఎండలోను, రామగుండము ఎండలోను ప్రకృతియే చేసి పెట్టుచున్నది. జలుబుతో జ్వరము వచ్చినప్పుడు పాత లక్షణములన్నియు తిరిగి పైకి తేలుట ఇందువలననే. కాలు ఆడదు, మాట ముద్దగును, ఇంటివారు బెంబేలెత్తుదురు. కాని ఇది క్రొత్త దాడి కాదు. జ్వరము దిగినప్పుడు ఇదియు దిగును. పారాసెటమాల్ మాత్ర, తడిగుడ్డ, చల్లని గాలి, తగినంత నీరు, విశ్రాంతి, వీటితోనే చాలవఱకు సర్దుకొనును. అందుకే వైద్యశాస్త్రమున దాడి యనగా ఇరువదినాలుగు గంటలకు తక్కువ గాక నిలిచినదై, జ్వరమును, ఇతర అంటు జబ్బును లేని సమయమున వచ్చినదై యుండవలెనని నియమము చేసిరి.

రెండవ తోవ ఇంతకంటె లోతైనది. పడిశము నిజమైన దాడినే తెచ్చునా? రోగులు ఎప్పటినుండియో తెచ్చునని చెప్పుచుండిరి. దీనిని ఓపికగా లెక్కించినవారు అమెరికాలో ఆరిజోనా రాష్ట్రపు టూసాన్ నగరములోని వైద్యులు. వారు 170 మంది రోగులను, వ్యాధి లేని 134 మందిని ఎనిమిదేండ్లు నెలనెలకును పరిశీలించి, 1985లో ఫలితములు ప్రకటించిరి. జబ్బు సోకుటకు రెండు వారముల ముందునుండి సోకిన పిదప అయిదు వారముల వఱకు గల కాలమును వారు ప్రమాద కాలమని పేర్కొనిరి. తక్కిన కాలముతో పోల్చగా ఆ కాలమున దాడులు దాదాపు మూడింతలు. ఇందులో రెండు అంకెలను మీరు జ్ఞాపకముంచుకొనవలెనని మా కోరిక. వచ్చిన జబ్బులలో నూటికి సుమారు తొమ్మిది మాత్రమే దాడితో ముడిపడినవి. కాని వచ్చిన దాడులలో నూటికి 27 జబ్బుతో ముడిపడినవి. అనగా తుమ్మిన ప్రతి పర్యాయము గుండె బాదుకొననక్కరలేదు. అట్లని ఏ తుమ్మును లెక్కలేనిదనియు అనుకొనరాదు.

ఆ పరిశీలనలోనే ఒక వింత కూడ కలదు. రోగులకు సాధారణపు వైరసు జబ్బులు ఇతరుల కంటె తక్కువగా వచ్చినవి. అందును వ్యాధి ముదిరినవారికి మఱింత తక్కువ. వారు నలుగురిలో తిరుగుట తక్కువ యగుటచేతనా, రక్షణ వ్యవస్థ నిత్యము మేల్కొని యుండుటచేతనా యనునది వేఱు చర్చ. మాకు మాత్రము మొదటి కారణమే తోచును. మంచము పట్టిన మనిషికి జలుబు నడచి రాదు, మనము తీసికొనిపోయి ఇచ్చినగాని.

హాలెండు దేశపు రోటర్‌డామ్ నగరమున 73 మందిని పరిశీలించి 2002లో ప్రకటించిన మఱియొక పని కలదు. అక్కడ ప్రమాద కాలమున దాడులు రెండింతలు తేలినవి. అంతకంటె ముఖ్యమైనది, జబ్బు వెంట వచ్చిన దాడులు ఎక్కువ చెఱుపును నిలిపి పోవుచున్నవి. ఇట్లేల జరుగును? వైరసుతో పోరాడుటకు శరీరము విడుదల చేయు పదార్థములలో గామా ఇంటర్‌ఫెరాన్ యనునది ఒకటి. దానినే మందుగా ఇచ్చి చూతమని అమెరికాలో 18 మంది రోగులకు ఇచ్చిరి. ఏడుగురికి దాడులు వచ్చినవి. ప్రయోగము ఆపివేసి 1987లో ఆ సంగతి ప్రకటించిరి. దొంగలకొఱకు లేపిన కావలివారు దొంగ పోయిన పిదపను నిద్రపోక ఇంటివారిమీదనే పడుట వంటిదిది. వైరసునకు ఈ వ్యాధి పుట్టుకలోను పాత్ర కలదని 2022లో బలమైన సాక్ష్యము దొరకినది. అమెరికా సైనికుల రక్త నమూనాలను ఏండ్ల తరబడి పోల్చి చూడగా, ఎప్‌స్టీన్ బార్ అను వైరసు సోకిన పిమ్మట ఈ వ్యాధి వచ్చు అవకాశము 32 రెట్లు పెరిగినట్లు తేలినది. ఆ వైరసు లోకములో దాదాపు అందఱికిని ఎప్పుడో ఒకప్పుడు సోకునదే గనుక, దానిని గూర్చి మీరు దిగులు పడవలసినది లేదు.

మూడవ తోవ మంచము పట్టినవారిది. వ్యాధి ముదిరినప్పుడు బలహీనత కాళ్లనుండి పైకి ప్రాకి, పొట్ట కండరములకును రొమ్ము కండరములకును వచ్చును. గాలిని గట్టిగా బయటికి నెట్టలేని మనిషి దగ్గలేడు. దగ్గలేనివానికి కఫము రొమ్ములోనే నిలిచిపోవును. మ్రింగుట కష్టమై మాటిమాటికి పొలమారును. మెతుకో నీరో ఊపిరితిత్తులలోనికి జారును. ఇట్టివారికి మామూలు పడిశము న్యుమోనియాగా మారుటకు రెండు మూడు దినములు చాలును. ముదిరిన రోగులలో మరణమునకు ముఖ్యమైన కారణములలో ఇది ఒకటి. కావున పడుకొనబెట్టి తినిపించుట మానవలెను. వీపు నిలుపుగా కూర్చుండబెట్టి, చిన్న ముద్దలుగా, తొందర లేక పెట్టవలెను. తిన్న తరువాత కొంతసేపు కూర్చుండియే యుండవలెను. ఊపిరి వేగమైనను, పెదవులు నీలమైనను, మాట తడబడి మగతలోనికి పోయినను మఱునాటివఱకు ఆగక 108 వాహనమును పిలువవలెను. ఈ ఒక్క సంగతిని మీ ఆశా కార్యకర్త ఆ ఇంటివారికి నోటితో చెప్పి, చేతితో చూపినచో చాలును.

ఇంకొక చిక్కు మందులనుండి వచ్చునది. ఈ వ్యాధిని అదుపులో నుంచు మందులు చాలవఱకు రక్షణ వ్యవస్థను అణచియుంచునవే. 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ వచ్చినప్పుడు మీలో ననేకులు బడులను వసతి కేంద్రములుగా మార్చి, వచ్చినవారికి అన్నము పెట్టించిరి. ఆ శ్రమ మాకు తెలియును. ఆ కాలమున ఇటలీ వైద్యులు 844 మంది ఎం.ఎస్. రోగుల వివరములను కూర్చిరి. రిటుక్సిమాబ్ వంటి మందులు, అనగా రక్తములోని బి కణములను తగ్గించునవి, వాడువారిలో కోవిడ్ తీవ్రమగు అవకాశము రెండింతలకు పైగా కనబడినది. అంతకు ముందు ఒక నెలలోపల మిథైల్ ప్రెడ్నిసొలోన్ అను స్టెరాయిడును పెద్ద మోతాదున తీసికొన్నవారిలో అయిదింతలు. వయస్సు, స్థూలకాయము, నడువలేని స్థితి, ఇవియు ప్రమాదమును పెంచినవి. రిటుక్సిమాబ్ మన దేశమున ఈ వ్యాధికి విరివిగా వాడుచున్న మందు గనుక ఈ సంగతి మనకు దూరపు వార్త కాదు.

ఇది విని మందు మానిపించుదమని ఎవరును తొందరపడరాదు. ఆ మహమ్మారి కాలమున భయపడి తమంతట తాము మందు మానిన వారు కలరు. ఫింగోలిమాడ్, నటాలిజుమాబ్ వంటివి హఠాత్తుగా మానినచో వ్యాధి మునుపటి కంటె ఉద్ధృతముగా తిరుగబడును. మానవలెనన్నను, వాయిదా వేయవలెనన్నను నరముల వైద్యుడే చెప్పవలెను. మన పని ఆయనకు ఫోను చేయించుట.

మన ఊళ్ల అలవాటు ఒకటి ఇక్కడ కఠినముగా చెప్పక తప్పదు. జ్వరము వచ్చినను, నీరసము వచ్చినను, ఒక సూది పొడిపించుకొనినగాని మనకు తృప్తి కలుగదు. ఆ సూదిలో స్టెరాయిడు ఉండుట కలదు. వేసినవెంటనే ఒళ్లు తేలికైనట్లుండును గనుక దానికి పేరును హెచ్చు. నిజమైన దాడికి వైద్యశాలలో అదే జాతి మందును మూడునుండి అయిదు దినములు పెద్ద మోతాదున ఎక్కించుట సరియైన చికిత్సయే. కాని ముందు రొమ్ములోనో మూత్రములోనో అంటు జబ్బు లేదని తేల్చుకొనవలెను. జబ్బు ఉండగా ఆ మందు పడినచో జబ్బునకు తలుపు తెఱచినట్లగును. మేము చెప్పిన ఇల్లాలికి మొదటి వారమున ఇట్టి సూదులే పడినవి. వేసిన మనిషి మంచి ఉద్దేశముతోనే వేసెను. చీటీ మాత్రము వ్రాయలేదు. ఏమి వేసెనో తరువాత చూచిన వైద్యునికి తెలియక రెండు వారములు వృథా యైనవి.

టీకాలను గురించి ఎక్కువ సందేహములు వచ్చును. టీకా కూడ రక్షణ వ్యవస్థను లేపునదే కదా, అదియు దాడి తేదా యని అడుగుట తెలివైన ప్రశ్నయే. దానికి జవాబు దొరకియున్నది. హాలెండులోని గ్రోనింగెన్ వైద్యులు 1998లో ప్రకటించిన పరిశీలనలో, ఇన్‌ఫ్లుయెంజా వచ్చిన రోగులలో నూటికి 33 మందికి ఆరు వారములలోపల దాడి వచ్చినది. ఇన్‌ఫ్లుయెంజా టీకా వేయించుకొన్నవారిలో నూటికి అయిదుగురికే. అంతకు ముందటి సంవత్సరమున, 104 మందికి కొందఱికి నిజమైన టీకాను, కొందఱికి ఉత్త సూదిని వేసి పోల్చిన ప్రయోగమునను టీకా వలన దాడులు పెరుగలేదు. కావున ఏటేట ఇన్‌ఫ్లుయెంజా టీకా వేయించుకొనుట వీరికి మేలు. న్యుమోనియా టీకాను గూర్చియు వైద్యుని అడుగవలెను. చచ్చిన క్రిమితో చేసిన సూదిమందు వేఱు, ముక్కులో చల్లు సజీవ క్రిమి మందు వేఱు. రక్షణ శక్తిని అణచు మందులు వాడువారు ఈ రెండవ జాతిని వేయించుకొనరాదు. రిటుక్సిమాబ్ వాడువారికి టీకా ఏ నెలలో పడినదనుటను బట్టి ఫలము మారును గనుక తేదీని వైద్యుడే నిర్ణయించవలెను. రోగి శరీరమున టీకా సరిగా పట్టనప్పుడు, ఇంటిలోని ఇతరులు వేయించుకొనుటయే ఆ మనిషికి కంచె.

ఇంటిలో ఎవరికి దగ్గు వచ్చినను, ఆ వారము వంటయు, తినిపించుటయు వేఱొకరు చేయవలెను. తప్పనిచో మూతికి గుడ్డ కట్టుకొని, చేతులు సబ్బుతో కడుగుకొని చేయవలెను. కిటికీ తెఱచి యుంచవలెను. పరామర్శకు వచ్చువారిలో జలుబు ఉన్నవారు గుమ్మము బయటనుండియే పలుకరించి పోయినచో మర్యాదకు లోపమేమియు లేదు. పడిశము తగ్గిన పిదప అయిదు వారములు ఆ మనిషిని కనిపెట్టి యుండవలెను. క్రొత్త మసక, క్రొత్త తిమ్మిరి, క్రొత్త తూలుట ఏదైనను జ్వరము లేకుండ ఒక దినమునకు మించి నిలిచినచో, అది వైద్యశాలకు పోవలసిన సమయము. ఆ అయిదు వారములు ఎండలో కూలికి పోవలసిన అక్కర లేకుండ సంఘముచేతనో, బంధువులచేతనో ఏదైన ఆసరా చూపగలిగినచో అది మందుతో సమానమైన ఉపకారము.

పత్రముల సంగతి మీ అధికారములోనిదే. 2016వ సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క విధముల వైకల్యములను పేర్కొన్నది. అందు దీర్ఘకాలిక నరముల వ్యాధుల క్రింద మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరుపెట్టి చేర్చబడియున్నది. దరఖాస్తు తీసికొనువారు ఇది పట్టికలో లేదని త్రిప్పి పంపినచో, ఉన్నదని మీరు చెప్పవచ్చును. చాల ప్రయోజనములకు వైకల్యము 40 శాతమునకు తగ్గక యుండవలెను. ఇక్కడనే చిక్కు వచ్చును. వైద్యులు చూచు దినము మంచి దినమైనచో శాతము తగ్గును. అందువలన ఎం.ఆర్.ఐ. చిత్రములు, వైద్యశాలనుండి పంపునప్పుడు ఇచ్చిన కాగితములు, ఏ నెలలో ఏ దాడి వచ్చి ఎంతకాలము నిలిచినదో వ్రాసికొన్న పుస్తకము, అన్నియు ఒక సంచిలో పెట్టి వెంట తీసికొని పోవలెను. ఆ పుస్తకము వ్రాయుటకు ఇంటిలో చదువుకొన్న బిడ్డ ఉన్నచో చాలును.

ఆ ఇల్లాలు మొదటి పర్యాయము కాగితములు లేక పోయి, వట్టి చేతులతో తిరిగి వచ్చెను. రెండవ పర్యాయము ఆమె వెంట పోయినవాడు సభలో నటన యన్న ఆ వార్డు సభ్యుడే. వ్యాధి పేరు విని, దాని తీరు తెలిసికొని, తానే ఆటో మాట్లాడి తీసికొని పోయెను. ధ్రువపత్రము వచ్చినది. బడిలో ఏడవ తరగతి చదువుచున్న పెద్దపిల్ల దాడుల పుస్తకమును వ్రాయుచున్నది. గత వానకాలమునకు ముందు ఇంటిల్లిపాదియు ఇన్‌ఫ్లుయెంజా సూది వేయించుకొనిరి. చిన్నవాడు మాత్రము సూదికి భయపడి పశువుల కొట్టములో దాగెనట. మఱునాడు పట్టి తెచ్చి వేయించిరి.

మీ మీ ఊళ్లలో ఇట్టి లక్షణములు గలవారు జ్ఞాపకమునకు వచ్చినచో, భోజనమునకు లేచుటకు ముందు మాతో చెప్పుడు. వారిని ఏ వైద్యశాలకు పంపవలెనో ఇక్కడనే కూర్చుండి మాట్లాడుకొందము.